చికిత్స ముగిసిన పిదప

ఇంట నొకరికి పెద్దజబ్బు చేసి, పట్టణమునకు గొనిపోయి, శస్త్రచికిత్స చేయించి, మొక్కులు చెల్లించి, మరల నింటికి దెచ్చుకొన్న దినమున మనమందఱమును “గండము గడచినది” అని యూపిరి పీల్చుకొందుము. ఆసుపత్రి కాగితములను మూటగట్టి పెట్టె యడుగున బెట్టుదుము. ఆ జబ్బు పేరెత్తుటయే యపశకునమని తలంతుము. పెక్కు జబ్బుల విషయమున నిందులో హాని లేదు. కాని తలలోని పీయూషగ్రంథిపై కంతి పుట్టి, దానికి కిరణచికిత్స జరిగినవారి విషయమున మాత్రము గండము గడచుట వేఱు, లెక్క ముగియుట వేఱు. ఈ భేదము మా యింటివారి వలననే మాకు దెలిసినది. తెలిసినదానిని దాచుకొనుట ధర్మము గాదని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పీయూషగ్రంథి యనునది మెదడు క్రిందిభాగమున, ముక్కుకు వెనుకదిక్కున, జీను వంటి చిన్న యెముకగుంటలో నమరియున్న బఠాణీగింజంత వస్తువు. దాని బరువు గ్రాములో సగము మాత్రమే. ఇంత చిన్నదానికి దేహమున నెంత యధికారము! పిల్లల యెదుగుదల, స్త్రీల నెలసరి, బాలింతకు పాలు, మెడలోని థైరాయిడు గ్రంథి పని, మూత్రపిండములపై గూర్చున్న అధివృక్క గ్రంథుల పని, ఇవన్నియు దాని యాజ్ఞకు లోబడినవి. అది రక్తములోనికి విడుచు సూక్ష్మద్రవ్యములకే హార్మోనులని పేరు. కాళేశ్వరమున గోదావరియు ప్రాణహితయు కంటికి గనబడును గాని, మూడవదియైన సరస్వతి యంతర్వాహిని యని మన పెద్దలు చెప్పుదురు. ఈ గ్రంథియు నట్టిదే. ఉన్నంతకాల మెవ్వరికిని గనబడదు. ఎండినప్పుడు దేహమంతయు వాడును.

మా వదినగారు, అనగా మా వారికి స్వయాన అక్కగారు, మానుకోటలో కాపురము చేయుచున్నారు. మానుకోట యనగా నేటి మహబూబాబాదు. అన్నయ్యగారు మిరపతోట పండింతురు. మేము జనగామలో నుందుము. మా వారు పాఠశాలలో నుపాధ్యాయులు. 2012 సంవత్సరమునకు ముందు వదినగారి దేహమున గలిగిన మార్పును మొట్టమొదట గనిపెట్టినది వైద్యుడు గాదు, గాజుల మలారము పట్టుకొని యింటింటికి దిరుగు నవ్వ. “అమ్మా, పెండ్లినాటికి నీకు రెండు–నాలుగు సైజు గాజులు పట్టెడివి. ఇప్పుడు రెండు–ఎనిమిదియు నెక్కుట లేదు. ఒడలు చూచిన లావెక్కలేదు. ఇదేమి చోద్యము?” అని యామె యడిగెను. ఉంగరము వ్రేలికి బిగిసిపోయినది. చెప్పులు చాలకుండెను. ముక్కును, దవడయు పెద్దవైనవి. గొంతు బొంగురుపోయినది. తలనొప్పి విడువకుండెను. హైదరాబాదున తలకు స్కానింగు తీసినప్పుడు పీయూషగ్రంథిపై కంతి యున్నదనియు, అది యెదుగుదల హార్మోనును మితిమీరి పుట్టించుచున్నదనియు దేలినది.

కంతి యనగానే కాన్సరని బెదరనక్కఱలేదు. పీయూషగ్రంథి కంతులలో దాదాపన్నియు కాన్సరు కానివే. పాల హార్మోనును పుట్టించు కంతులు చాలవఱకు మాత్రలతోనే లొంగును. తక్కినవానిలో పెక్కింటిని ముక్కుదారిని శస్త్రము చొప్పించి తీయుదురు. అట్లు తీయగా మిగిలిన భాగమునకు గాని, మరల పెరిగినదానికి గాని కిరణచికిత్స యవసరమగును. మన పల్లెలలో దీనిని “కరెంటు పెట్టుట” యందురు. నిజమునకు విద్యుత్తు దేహమును తాకదు. కంటికి గనబడని కిరణములను కొలత ప్రకారము కంతిమీదికి బంపుదురు. 1909లోనే ఇటలీ, ఫ్రాన్సు దేశముల వైద్యులు పీయూషగ్రంథి జబ్బునకు కిరణములను వాడి చూచిరి. మన హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ పేరిట కాన్సరు ఆసుపత్రి 1955లో వెలసినది. అనగా కిరణచికిత్స తెలుగువారికి కొత్తది గాదు.

వదినగారికి శస్త్రచికిత్స తరువాత మిగిలిన ముక్కకై యైదున్నర వారములు, వారమున కైదు దినముల చొప్పున 28 మారులు కిరణములు పెట్టిరి. మొత్తము కొలత 50 గ్రేలకు కొంచె మెక్కువ. సామాన్యముగ నీ చికిత్సలో 45 మొదలు 50 గ్రేల వఱకు నిత్తురు. ఆ దినములలో నొప్పి లేదు, మంట లేదు. కణతల దగ్గఱ కొంత జుట్టు రాలి మరల మొలచినది. అందఱును సంతోషించిరి. ఎదుగుదల హార్మోను మెల్లమెల్లగ నేండ్లమీద దిగివచ్చెను. వదినగారు పచ్చళ్లు పెట్టుచు, బతుకమ్మ పేర్చుచు, మునుపటివలెనే తిరుగసాగిరి.

ఇక్కడ మనము తెలిసికొనవలసిన కీలక మొకటి గలదు. కిరణములు కత్తివలె నప్పటికప్పుడే కోయవు. అవి కణముల లోపలి సూత్రమును దెబ్బతీయును. ఆ కణములు తరువాత చీలబోయినప్పుడు చచ్చును. అందుచేత గుణము నెమ్మదిగ గనబడును. కాని కంతిని జేరు త్రోవలో నారోగ్యముగ నున్న పీయూషగ్రంథి భాగమును, దానికి పైన నుండి యాజ్ఞలిచ్చు మెదడుభాగమును గలవు. వానికిని దెబ్బ తగులును. గుణమువలెనే యా దెబ్బయు నెమ్మదిగనే బయటపడును. ఏడాది కావచ్చును, ఐదేండ్లు కావచ్చును, పదునైదేండ్లును గావచ్చును. పదేండ్లు గడచునప్పటికి దాదాపు సగముమందికో, అంతకు మించియో, ఏదో యొక హార్మోను తగ్గునని వైద్యు లెఱుగుదురు. ఒక్క మారే సూటిగ గుఱిపెట్టి పెట్టు నేటి గామా నైఫు మొదలైన పద్ధతులలో నీ బెడద కొంత తగ్గినదే గాని తొలగిపోలేదు. సాధారణముగ మొదట తగ్గునది యెదుగుదల హార్మోను. పిదప స్త్రీత్వమునకు సంబంధించినవి. ఆ పిదప అధివృక్క గ్రంథులను నడుపునది, థైరాయిడును నడుపునది. అందఱియందు నిదే వరుస యుండవలెనని నియమము లేదు.

2017 ప్రాంతమున, అనగా చికిత్స జరిగిన యైదేండ్లకు, వదినగారికి నెలసరి నిలిచిపోయెను. అప్పటికి వారి వయస్సు 38 ఏండ్లు. “పోనిమ్ము, బాధ తప్పినది” అని యిరుగుపొరుగమ్మలు పలికిరి. పిదప మేనిరంగు పాలిపోసాగినది. పేరంటములలో “మంచి రంగు తేలితివి” అని మెచ్చుకొన్నవారును గలరు. ఎండకాలమునను చలి యనెడివారు. మంచముమీదనుండి లేచి నిలువగానే కన్నులు చీకట్లు గ్రమ్మెడివి. అన్నము సహింపదు. మధ్యాహ్నమునకే యొడలు కూలబడును. తెల్లవాఱుజామున లేచి మిరపకోతకు గూలివాండ్రను పంపెడి మనిషి ప్రొద్దెక్కువఱకు లేవకున్న నత్తగారేమందురు? “కోడలికి సోమరితనము పట్టినది” అనిరి. మఱియొకరు “మనోవ్యాధి” యనిరి. వేఱొకరు “నలువదియవ పడి దగ్గఱపడినది, అంతే” యనిరి.

సోదరీమణులారా, ఇందులోనే యీ జబ్బు యొక్క మోసమంతయు నున్నది. దీని గుఱుతులలో నొక్కటియు వింతది గాదు. అలసట, చలి, ఆకలి లేకుండుట, నెలసరి తప్పుట, ఇవి యే యింట లేవు? గృహిణి యలసిపోయినదన్న దాని నెవ్వరును జబ్బుగ నెంచరు. అందఱకును వండి పెట్టు చేయి యొకనాడు మెల్లగించిన, కారణ మడుగుటకు ముందు నింద వచ్చును. అందుచేత గ్రంథి యెండిపోవుచున్న సంగతి కండ్లయెదుటనే యున్నను గనబడదు.

వదినగా రొకచోట థైరాయిడు పరీక్ష చేయించుకొనిరి. ఆ కాగితమున టీఎస్‌హెచ్ అను నంకె సరిగనే యున్నది. “థైరాయిడు బాగున్నది, బలమునకు టానిక్కు వాడుము” అని చెప్పి పంపిరి. ఈ సంగతి ప్రత్యేకముగ నెఱుగవలసినది. టీఎస్‌హెచ్ అనునది థైరాయిడుకు పీయూషగ్రంథి పంపు నాజ్ఞ. మామూలు థైరాయిడు జబ్బులో గ్రంథి పని చేయనప్పుడు పీయూషగ్రంథి గట్టిగ కేకలు వేయును గావున ఆ యంకె పెరుగును. కాని యాజ్ఞ యిచ్చునదే చెడినప్పుడు అంకె పెరుగదు. సరిగ నున్నట్లే మోసపుచ్చును. అట్టివారికి ఫ్రీ టీ–4 అను రెండవ పరీక్షయే నిజము చెప్పును. తలకు కిరణచికిత్స జరిగినదని ముందుగ చెప్పనిచో నా రెండవ పరీక్ష వ్రాయవలెనని యెవరికి దోచును?

2019 వానకాలమున వదినగారికి జ్వరము తగిలినది. మూడవనాడు వాంతులు పట్టినవి. నాలుగవనాటి యుదయమున పిలిచిన పలుకకుండిరి. అన్నయ్యగారు వరంగల్లునకు గొనిపోయిరి. రక్తపుపోటు పడిపోయినది. రక్తమున నుప్పును, చక్కెరయు గూడ తగ్గినవి. సెలైను పెట్టినను పోటు నిలువదు. అక్కడి యొక చిన్నవయస్సు వైద్యురాలు వదినగారి పెద్దచేతులను, దవడను తేఱిపాఱ జూచి, “ఈమెకు తలలో నెప్పుడైన నాపరేషను జరిగినదా? కరెంటు పెట్టించితిరా?” అని యడిగెను. అన్నయ్యగారు మా వారికి ఫోను చేసిరి. అక్కగారితో హైదరాబాదునకు దిరిగినవారు మా వారే. బడి రికార్డులవలె తేదీల వరుసను గ్రుచ్చి పెట్టిన యా కాగితముల కట్ట మా యింటనే యుండెను. మే మిరువురము దానిని గొని యందిన రైలెక్కి వరంగల్లు చేరితిమి.

మేము చేరునప్పటికే యా వైద్యురాలు కాగితములకై యాగక, హైడ్రోకార్టిసోన్ సూది 100 మిల్లీగ్రాములు నరమునకు బెట్టించియుండెను. సాయంకాలమునకు పోటు నిలచినది. మఱునాటి యుదయమున వదినగారు లేచి కూర్చుండి “గంజి యున్నదా?” యని యడిగిరి. ఆ మాట విన్నప్పటి మా యానందము వ్రాయనలవికాదు. పిదప నా వైద్యురాలు కాగితముల కట్టను విప్పి, చికిత్స ముగిసిననాటి పత్రము నడుగున నున్న చిన్నపంక్తిని మాకు వ్రేలితో జూపెను. ఏటేటా హార్మోనుల పరీక్ష చేయించవలెనని యందు ఇంగ్లీషున వ్రాసియున్నది. ఆ పంక్తి యర్థమును రోగికి తెలుగున విప్పి చెప్పినవా రాయేడేండ్లలో నొక్కరును లేకపోయిరి.

జరిగినదేమనగా, అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును పుట్టించును. సుఖముగ నున్నప్పుడు కొంచెమైనను చాలును. జ్వరము, దెబ్బ, శస్త్రచికిత్స వంటి కష్టము వచ్చినప్పుడు దేహము దానిని కొన్ని రెట్లు కోరును. ఆజ్ఞ యిచ్చు పీయూషగ్రంథి యెండినందున వదినగారి దేహమున నది పెరుగలేదు. సామాన్యులకు నాలుగు దినములలో తగ్గు జ్వరము వారికి ప్రాణాంతక మయ్యెను.

పరీక్షలు చేయగా కార్టిసాలు, థైరాయిడు, స్త్రీ హార్మోనులు మూడును తగ్గినవని తేలినది. వానిని తిరిగి యిచ్చుటలో గూడ నొక వరుస గలదు. మొదట కార్టిసాలు లోటు దీర్చవలెను. పిదపనే థైరాయిడు మాత్ర. ఈ వరుస తలక్రిందులైనచో థైరాయిడు మాత్ర దేహపు పనిని వేగపఱచి, ఉన్న కొద్ది కార్టిసాలును ఖర్చుచేసి, రోగిని మరల కూలద్రోయును. అందుచేత నొకరి మాత్ర లింకొకరు మ్రింగుట, మందుల దుకాణమున నడిగి థైరాయిడు బిళ్లలు తెచ్చుకొనుట యెంతటి ప్రమాదమో గ్రహింపుడు. స్త్రీ హార్మోనును గూడ సహజముగ ముట్లుడుగు వయస్సు వఱకు వైద్యుని సలహాపై వాడిన నెముకలు గుల్లబాఱవు. బిడ్డలు గావలెనను పడుచువారికిని సూదులతో నవకాశము గలదు. కావున నీ చికిత్స జరిగిన యాడుబిడ్డను గొడ్రాలని నిందింపరాదు.

వదినగారి కిచ్చిన మాత్ర స్టెరాయిడని వినగానే మా బంధువులలో నలజడి పుట్టినది. “స్టెరాయిడు ముఖము నుబ్బించును, ఎముకలను దినును, మానిపింపుడు” అని ఫోనులమీద ఫోనులు. మితిమీరినచో నది నిజమే. కాని దేహము తానే చేసికొనవలసిన దానిని, చేసికొనలేనప్పుడు, అంతే కొలతలో బయటినుండి యిచ్చుట వేఱు. సాధారణముగ దినమునకు 15 మొదలు 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ చాలును. ఉదయమున నెక్కువ భాగము, మధ్యాహ్నమున తక్కువ భాగము. కూరలో నుప్పు చాలనప్పుడు చిటికెడు వేసినచో రుచి వచ్చును, దోసెడు వేసినచో చెడును. ఉప్పు చెడ్డదని మానుదుమా? ఈ మాత్రను తనంతట తాను నిలుపుట మాత్రము ప్రాణముతో చెలగాటము.

ఈ మందులేవియు ననాదిగ నున్నవి గావు. కార్టిసోనును రోగికి మొదట నిచ్చినది 1948లో. దానిని కనుగొన్న కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అను మువ్వురకు 1950లో నోబెల్ బహుమానము లభించినది. రక్తమున నణువంత యుండు హార్మోనులను గొలుచు నుపాయమును సాలమన్ బెర్సనుతో గూడి కల్పించినది న్యూయార్కు నగరపు రోజలిన్ యాలో యను నొక స్త్రీ. ఆమెకు 1977లో నోబెల్ బహుమాన మిచ్చిరి. వైద్యశాస్త్రమున నా గౌరవము పొందిన స్త్రీలలో నామె రెండవది. నేడు మనము ప్రొద్దున నెనిమిది గంటలకు చేయిచాచి యిచ్చు సీసాడు రక్తమునందు కార్టిసాలెంత, థైరాయిడెంత యని తెలియుచున్నదన్న దాని మూలము గొలత నేర్పిన యా యిల్లాలి తెలివియే.

మా మేనకోడలిని, వదినగారి కూతును, భూపాలపల్లి కిచ్చిరి. అల్లుడు సింగరేణి బొగ్గుగనిలో నుద్యోగి. 2023 శివరాత్రికి వియ్యాలవారు కాళేశ్వరమునకు బోవుచు వదినగారిని, మమ్మును గూడ రమ్మనిరి. ఒకే పానవట్టముపై రెండు లింగములు గల యా క్షేత్రమున నుపవాసముండి జాగరణ చేయవలెనని వదినగారి చిరకాలపు కోరిక. మందు మ్రింగిన నుపవాసము చెడునేమో యని వారి శంక. చిన్ననాట మా తండ్రిగారి యొద్ద జదువుకొన్న ధర్మగ్రంథములు మా కప్పు డక్కఱకు వచ్చినవి. వ్రతమునకు భంగము గావింపనివానిలో నౌషధము నొకటిగ మన పూర్వులే లెక్కించిరి. మేమా మాట చెప్పగా వియ్యపురాలుగారు తానే చెంబుతో నీళ్లు తెచ్చి, “ముందు మాత్ర వేసికొనుము వదినా, స్వామి యెక్కడికిని బోడు” అనిరి. వదినగారు మాత్ర మ్రింగి, పాలు, పండ్లు తీసికొని, అర్ధరాత్రి వఱకు మాత్రము మేల్కొని నిద్రించిరి. వారి చేతిసంచిలో నిప్పుడెల్లప్పుడు నొక చిన్న డబ్బా యుండును. అందు వారమునకు జాలు మాత్రలు, ఒక సూదిమందు సీసా, మా వారు తెలుగునను ఇంగ్లీషునను ముత్యములవంటి యక్షరములతో వ్రాసిన చీటి యొకటి. “ఈమెకు కార్టిసాలు లోటు గలదు. వాంతులైనను, స్పృహ దప్పినను వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల సూది వేయవలెను” అని యందున్నది. మేనకోడలు సూది వేయుట నేర్చుకొన్నది.

మీ యింట గాని, చుట్టములలో గాని పీయూషగ్రంథికి కిరణచికిత్స జరిగినవారున్నచో ఈ క్రింది సంగతులను మఱవకుడు. చికిత్స జరిగి యెన్ని యేండ్లయినను, ఒడలు బాగుగనే యున్నను, ఏడాదికొక మారు ఉదయపు కార్టిసాలు, ఫ్రీ టీ–4, తక్కిన హార్మోనులు పరీక్షింపవలెను. ఇది ప్రాణమున్నంతవఱకు చేయవలసిన పని. ఏ జబ్బునకు, ఏ వైద్యుని యొద్దకు బోయినను, పంటినొప్పికి బోయినను సరే, తలకు కిరణములు పెట్టిన సంగతి మొదటి మాటగ చెప్పవలెను. కార్టిసాలు మాత్ర వాడువారు జ్వరము వచ్చిన దినములలో రెండింతలో మూడింతలో, తమ వైద్యుడు ముందుగ చెప్పియుంచిన ప్రకారము, వేసికొనవలెను. వాంతులచే మాత్ర నిలువనిచో నింట నాగక సూదికై పరుగెత్తవలెను. చిన్నపిల్లల కీ చికిత్స జరిగినచో ప్రతి పుట్టిననాడును గోడకు నిలబెట్టి యెత్తు గుఱుతు పెట్టుడు. ఎదుగుదల నిలిచిన నది వైద్యునికి జూపవలసిన సంగతి.

పరీక్షలకు దూరదేశములకు బోవలెనను భయమును గూడ నిప్పుడు కొంత తగ్గినది. మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లులందు 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలైనవి. అక్కడి వైద్యులకు మన పాతకాగితములను జూపి యడిగినచో త్రోవ చెప్పుదురు. పెద్దసందేహమున్నచో హైదరాబాదున నిమ్స్ మొదలైన చోట్ల హార్మోనుల జబ్బులకే ప్రత్యేకశాఖలు గలవు.

ఇంటిలో నెవరికెప్పుడే కూర సహించునో, ఎవరెప్పుడు మౌనముగ నుందురో కనిపెట్టునది మనమే. ఒకప్పుడు చుఱుకుగ దిరిగిన మనిషి క్రమముగ వాడిపోవుచుండిన, సోమరితనమను మాట నోట రాకముందే పెట్టె యడుగునున్న కాగితముల మూటను పైకి దీయుడు. ఆసుపత్రి పత్రము నడుగున నున్న చిన్నపంక్తిని చదువరు లెవరి చేతనైనను చదివించి, దాని యర్థము తెలుగున వ్రాయించుకొని, పంచాంగము ప్రక్కన వ్రేలాడదీయుడు. ఇదియే మా మనవి.